ముసలాయన బెల్లం

సైరన్ మోగినప్పుడు నేను పప్పుకు పోపు పెడుతున్నాను. ఆవాలు అప్పుడే చిటపటమన్నాయి. వీధిలోంచి ఒక ఊళ లేచింది. వెంటనే నా ఫోన్ గీపెట్టింది, దానికి వంతగా పడగ్గదిలో ఇంకో ఫోన్ గీపెట్టింది. గరిటె చేతిలోంచి జారి కింద పడింది. స్టవ్ ఆపాలని కూడా తోచలేదు. నోరు మాత్రం దానంతట అదే చదవడం మొదలుపెట్టింది: శాన్ నికొలాస్, నెయల్తికాన్, చొలూలా, ప్యూబ్లా.

అవి ఊళ్ల పేర్లు. నేనుండేది జర్మనీలో, బ్యోబ్లింగెన్‌లో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో. ఆ ఊళ్లు మెక్సికోలో ప్యూబ్లా అనే రాష్ట్రంలో ఉన్నాయి, చివరిది దాని రాజధాని. వాటిని చూసి ముప్పై ఏళ్లయింది. మా పెళ్లిరోజు నాకు గుర్తుండదు, డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఎప్పుడో గుర్తుండదు. ఆ నాలుగు పేర్లు మాత్రం అదే వరసలో వస్తాయి, ఎక్కం లాగా.

నిజానికి అది ఉత్తుత్తి సైరన్. ఏడాదికోసారి దేశమంతటా పొద్దున పదకొండుకు ఇలా మోగించి చూసుకుంటారు. వారం కిందటే కింద తలుపు మీద కాగితం అంటించారు. చదివాను కూడా. చదివి ఏం లాభం, గుండెకు చదువు రాదు కదా.

స్టవ్ ఆపి మా అమ్మాయిని పిలిచాను. దానికి ఏడేళ్లు. జ్వరమని ఆ రోజు బడికి పోలేదు, అందుకే నేనూ ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తున్నాను. రెండుసార్లు పిలిచినా పలకలేదు. మంచం కింద లేదు, బాత్రూంలో లేదు. చివరికి బట్టల అల్మారా తలుపు తీస్తే, చలికోట్ల వెనకాల మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుంది.

"ఇష్ వార్స్ నిష్ట్, మమ్మీ! ఇష్ వార్స్ నిష్ట్!" అంది. నేను కాదు, నేను కాదు అని.

అడక్కముందే కాదన్నదంటే ఏదో చేసిందనే. మెల్లగా అడిగితే బయటికొచ్చింది. వాళ్ల నాన్న ఆ పొద్దున ఆఫీసు ఫోన్ మంచం మీద మర్చిపోయి వెళ్లాడు. ఆ ఫోన్ ముట్టుకోకూడదని మా ఇంట్లో గట్టి కట్టడి. ఇది ఆట ఉందేమో చూద్దామని తీసి ఒక మీట నొక్కింది. సరిగ్గా అప్పుడే ఫోన్ గీపెట్టింది, ఊరంతా ఊళ పెట్టింది.

"నూర్ ఐన్‌మాల్ నొక్కిన మమ్మీ, ఒక్కసారే. ఇప్పుడు పోలీసులొస్తరా? డాడీని ఆఫీస్‌ల నుంచి తీసేస్తరా?"

దాని పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అది పరీక్ష సైరన్ అని చెప్పాను. నమ్మలేదు. నేను దాని పక్కనే కోట్ల మధ్య దూరి కూర్చున్నాను. ఆ భయం నాకు బాగా తెలుసు, కానీ ఇంకొకరి ముఖంలో చూడటం అదే మొదటిసారి. ఊళ ఇంకా ఆగలేదు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఉండగా, ఎవరికీ చెప్పనిది దానికి చెప్పడం మొదలుపెట్టాను.

మా బాపు మక్కజొన్న మనిషి. వరంగల్ దగ్గర పుట్టి, వ్యవసాయం చదివి, మక్క విత్తనాల పరిశోధన మీద మెక్సికో పోయాడు. మక్కలు పుట్టిందే అక్కడట, పుట్టింటికి పోయి అడిగితేనే గుణం తెలుస్తుందనేవాడు. అమ్మనూ నన్నూ వెంట తీసుకుపోయాడు. నాకప్పుడు పదేళ్లు. మంచు టోపీ పెట్టుకున్న ఒక పెద్ద కొండ కింద, తారు రోడ్డు అయిపోయే చోట, చిన్న ఊళ్లో ఇల్లు దొరికింది.

అక్కడ మునిసిపాలిటీ అంటే మన దగ్గర లాగా నల్లా పన్నూ మోరీలూ కాదు. నాలుగైదు చిన్న ఊళ్లు కలిపి ఒక మునిసిపాలిటీ, దానికో ప్రెసిడెంటు. "మన సర్పంచి సాబ్‌కు ఈడ ప్రెసిడెంటని పేరు వెట్టిండ్రు" అని బాపు నవ్వేవాడు. ఏ ఊరి రొట్టె ఆ ఊరిదే, ఏ ఊరి దేవుడు ఆ ఊరివాడే, ఏ ఊరి బ్యాండు మేళం ఆ ఊరి చెవులకే ఇంపు. నెయల్తికాన్‌లో నల్లరాయి కొట్టేవాళ్లు, వాళ్ల బుర్రలూ అవేనని మా ఊరివాళ్లు వెక్కిరించేవాళ్లు. మా ఊరివాళ్లను నెయల్తికాన్ వాళ్లు ఏమనేవాళ్లో మాకెవరూ చెప్పలేదు.

ఆ కొండ మామూలు కొండ కాదు, అగ్నిపర్వతం. నెత్తి మీద ఎప్పుడూ సన్నగా పొగ. అందుకే రోడ్డు పొడవునా స్తంభాలకు బాణం గుర్తులు ఉండేవి, ముప్పు వస్తే ఎటు పోవాలో చెప్పేవి. అమ్మ వాటిని చూసిన రోజే నన్ను కూర్చోబెట్టి ఊళ్ల పేర్లు వల్లె వేయించింది. "నేనెక్కడున్నా, నీ బాపెక్కడున్నా, నువ్వు గీ ఊర్లు పట్టుకొని పోవాలె. శాన్ నికొలాస్, నెయల్తికాన్, చొలూలా, ప్యూబ్లా. చెప్పు." చెప్పాను. "ఇంకోపారి చెప్పు." రోజూ స్నానం చేయిస్తూ అప్పగించుకునేది. సబ్బు కళ్లలో పడినా ఎక్కం ఆపనిచ్చేది కాదు.

మా ఇంటి యజమానురాలు ముసలామె. అందరూ దోన్యా అనేవాళ్లు, పెద్దమ్మగారు అన్నట్టు. మా వాకిలీ ఆమె వాకిలీ ఒకటే, మధ్యలో ఒక వాల్‌నట్ చెట్టు, దాని కింద ఆమె టర్కీ కోళ్లు. ఆమె మాట్లాడింది స్పానిషే గానీ, ఇన్నేళ్లకు నా చెవిలో అది మా వరంగల్ మాటలాగే వినిపిస్తుంది. అలాగే రాస్తాను.

ఆమె వంటింటి వాసన ఇప్పుడు కూడా కళ్లు మూసుకుంటే వస్తుంది. కట్టెల పొగ, మట్టి పెనం మీద కాలుతున్న మక్కరొట్టె, సున్నం. మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బేవాళ్లు. అమ్మ మొదటిసారి చూసి ముక్కున వేలేసుకుంది. "సున్నం ఆకుకు పూస్తరు గని, మక్కలల్ల ఏస్తరా?" అంది. నెల తిరగకుండానే ఆ పిండితోనే మక్కగారెలు చేసి దోన్యాకు పంపింది. దోన్యా తిని, ఇందులో అల్లం ఎందుకేసినవని మందలించి, ఇంకా రెండు అడిగింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పొయ్యి దగ్గర గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు.

అక్కడ బెల్లం కూడా ఉండేది. చిన్న గోపురాల్లా పోతపోసిన అచ్చులు, ముదురు రంగు. సంతలో మొదటిసారి వాటిని చూసి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటినుంచి మా ఇంట్లో నాకు తెలియకుండా బెల్లం దాచడం, అమ్మకు తెలియకుండా నేను తినడం మామూలైపోయింది. ఇది చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. నేను తిండిపోతును, అందులో బెల్లానికి మరీ.

వానలకు ముందు ఊరివాళ్లు కొండకు పెట్టుపోతలు పెడతారు. కొండను వాళ్లు ముసలాయన అంటారు. దోన్యా తమ్ముడు ఆ ముసలాయనతో మాట్లాడే మనిషి. వాన ఎప్పుడు పంపుతావు, వడగండ్లు ఎక్కడ పోస్తావు అని అడిగి తెలుసుకోవడం ఆయన పని, వాళ్ల తాత నుంచి వచ్చింది. విత్తనాల మనిషి కదా అని బాపును కూడా రమ్మన్నారు. బాపు బండిలో మట్టిరోడ్డు కూడా అయిపోయేదాకా పోయి, అక్కడినుంచి దేవదారు చెట్ల మధ్య నడిచాం. అమ్మ ఉత్తచేతులతో పోకూడదని కొబ్బరికాయ, అగరొత్తులు సంచిలో వేసుకుంది.

పైన ఒక గుహ. దాని ముందు తెల్లగుడ్డ పరిచి పళ్లేలు పెట్టారు. మిరప మసాలాలో ఉడికిన టర్కీ కోడి, పొట్టులో చుట్టిన మక్కముద్దలు, నారింజలు, తీపిరొట్టె, నాలుగు అచ్చుల బెల్లం. ముసలాయన తొడుక్కోవడానికి కొత్త చొక్కా, టోపీ కూడా. సాంబ్రాణి లాంటిదేదో వేస్తే పొగ లేచింది. దోన్యా తమ్ముడు టోపీ తీసి, ఇంటికొచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు. తిను తాతా, కోపం చెయ్యకు, మా పిల్లలను చూసుకో అన్నాడు. అమ్మ కొబ్బరికాయ కొట్టింది. ముక్కలు చేసి అందరి చేతుల్లో పెట్టింది. వాళ్లు కొంచెం తడబడ్డారు గానీ తిన్నారు.

ఆ తర్వాత వాళ్లు లేచి, వెనక్కి చూడకుండా దిగిపోతున్నారు. ఆ పళ్లేలు అలాగే ఉన్నాయి.

నాకు అర్థం కాలేదు. దేవుడికి చూపించాక ప్రసాదం పంచుతారు కదా. వరంగల్‌లో మా నాయనమ్మ ప్రసాదం వదిలేసి పోతే కళ్లు పోతాయనేది. వీళ్లు మర్చిపోయారనుకున్నాను. పాపం, అమ్మ గుర్తుపెట్టుకుని పంచింది, వీళ్లకు ఆ మాత్రం తెలియలేదే అనుకున్నాను. స్వెటర్ మర్చిపోయానని చెప్పి వెనక్కి పరుగెత్తాను. రెండు బెల్లం అచ్చులు తీసుకుని, కళ్లకద్దుకుని, ఒకటి అక్కడే కొరికాను. పొగ వాసన తగిలిన తీపి. రెండోది స్వెటర్‌లో చుట్టుకున్నాను. కళ్లకద్దుకున్నాను కాబట్టి దొంగతనం కాదని ఇప్పటికీ వాదించగలను. కానీ స్వెటర్‌లో ఎందుకు చుట్టానో చెప్పలేను.

అమ్మకు దోన్యా ఇచ్చిందని చెప్పాను. ఆ సాయంత్రం అమ్మ ఆ బెల్లంతో పరమాన్నం వండింది. బాపు రెండుసార్లు వేయించుకుని గిన్నె నాకేశాడు. "పెద్దామె బెల్లం ఇచ్చింది, ఆమెకు పెట్టకుంటే ఎట్ల" అని అమ్మ ఒక గిన్నె నా చేతికే ఇచ్చి పంపింది. దోన్యా వేలితో తీసుకుని తిని, బాగుంది అని తలూపింది.

మూడో రోజు దోన్యా పెనం దగ్గర కూర్చుని ఉంటే, ఊరికే మాటల్లో అడిగాను, కొండ దగ్గర పెట్టినవి తర్వాత ఎవరు తింటారని. ఆమె చేతిలో రొట్టె అలాగే ఆగిపోయింది.

"ఎవ్వరు తినరు బిడ్డా. అది ముసలాయన పళ్లెం. దాంట్ల చెయ్యి వెట్టినోన్ని ఆయన పైకి పిలుచుకుంటడు. మా చిన్నప్పుడు ఒకడు నారింజపండు తిన్నడు. తెల్లారి గొర్రెపిల్లను ఎతుక్కుంట పైకి వోయిండు. గొర్రెపిల్ల ఒక్కతే దిగొచ్చింది."

నేను తిన్నాను. అమ్మ తిన్నది. చెబుతున్న ఈమే తిన్నది, ఆమెకు తెలియదు. అందరికంటే ఎక్కువ తిన్నది బాపు. బాపు మక్కమడి ఉన్నది ఆ కొండ మీదే, అడవి అంచున. వారానికి మూడుసార్లు పైకి పోతాడు.

ఆ రోజునుంచి నేను కొండ వైపు చూడటం మానేశాను. బడికి పోతే దానికి వీపు పెట్టి నడిచేదాన్ని, అది వీపు మీద చూస్తున్నట్టుండేది. అన్నం సయించలేదు. వాంతి చేసుకుంటే తిన్నది తిరిగిచ్చినట్టు అవుతుందేమోనని గొంతులో వేలు పెట్టుకున్నాను. మూడు రోజుల కిందటి బెల్లం ఎక్కడ వస్తుంది. అమ్మ నుదురు ముట్టి చూసి దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. "చూసినవా, గంత దిష్టి" అంది. అక్కడి మిరపకాయలు వేరే రకమని ఆమెకు తట్టలేదు.

బాపు పైకి పోయే పొద్దున కాళ్లు చుట్టేసుకున్నాను.

"ఇయ్యాల పోకు బాపూ."

"పోకుంటే ఎట్ల బిడ్డా? పిట్టలు విత్తనాలన్ని తవ్వుకతింటున్నయ్. పొద్దుగూకేసరికి అస్త."

"వద్దు. నీతోటి నేనస్త."

"నీకు బడి లేదా?" అని నెత్తి మీద చెయ్యి పెట్టి, బండెక్కి పోయాడు. చెప్పి ఉంటే పోయేవాడు కాదేమో. చెప్తే కొడతారనే భయం, చెప్పకపోతే బాపు పోతాడనే భయం, రెండిట్లో చిన్న భయమే గెలిచింది.

మధ్యాహ్నం బడిలో ఉండగా ముందు కిటికీ అద్దాలు వణికాయి. లెక్కలు రాస్తున్న టీచరు సుద్ద ఆపి పైకప్పు వైపు చూసింది. తర్వాత శబ్దం వచ్చింది. పెద్ద లారీ ఒకటి నేల లోపల నడుస్తున్నట్టు కాళ్ల కిందనుంచి వచ్చింది, చెవులకు కాదు, కడుపుకు వినిపించింది. పిల్లలంతా టీచరు చుట్టూ చేరారు. నేను ఒక్కదాన్నే బల్ల దగ్గర అలాగే నిలబడ్డాను. నాకు తెలుసు అది ఎవరిని పిలుస్తోందో.

ఇంటికి పరుగెత్తేసరికి ఆకాశం సగం నల్లబడింది. బూడిద రాలుతోంది, జల్లెడపట్టిన సిమెంటు లాగా మెత్తగా, చప్పుడు లేకుండా. కాల్చిన అగ్గిపుల్ల వాసన. టర్కీ కోళ్లు చెట్టు కింద ముద్దగా కూర్చుని కూత మానేశాయి. చర్చి గంట ఆగకుండా కొడుతున్నారు. మునిసిపాలిటీ వాళ్ల బండి మైకు పెట్టుకుని వీధి వీధికీ తిరుగుతోంది. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు చౌకులో లారీలెక్కాలి, వెంటనే.

అమ్మ తలకు కొంగు చుట్టుకుని సంచి సర్దుతోంది. పాస్‌పోర్టులు, దేవుడి పటం, చింతపండు డబ్బా, ప్రెషర్ కుక్కర్. కుక్కర్ ఎందుకని అడిగే ధైర్యం ఎవరికుంది. ఆమె చేతులు ఆగడం లేదు. "బాపు?" అన్నాను. "అస్తడు" అంది. "ఎప్పుడు?" అంటే చెంప మీద ఒకటి కొట్టి, వెంటనే దగ్గరికి తీసుకుంది. మా అమ్మ నన్ను కొట్టడం అదొక్కసారే. ఆమె గుండె నా చెవికి వినిపించింది, రోకటి పోటులా.

దోన్యా రానంది. ఈ కొండ కిందే పుట్టాను, కోళ్లను వదిలి ఎక్కడికీ రాను అంది. అమ్మ చేతులు పట్టి లాగింది, తెలుగులో బతిమాలింది, ఆమె స్పానిష్‌లో కాదంది. అమ్మ సంచి తీసుకుని వాకిలి దాటుతుండగా నేను వెనక్కి, దోన్యా వంటింట్లోకి పరుగెత్తాను. పొయ్యి ఆరిపోయి ఉంది. ఆమె తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కుతోంది.

చెప్పేశాను. గుహ, రెండు అచ్చులు, పరమాన్నం, అందరం తిన్నాం, బాపు ఎక్కువ తిన్నాడు, నువ్వు కూడా తిన్నావు.

ఆమె ముఖం నేను మర్చిపోలేను. పెద్దవాళ్లు భయపడరనుకునే వయసు నాది. ఆమె భయపడింది. ముఖంలోంచి రక్తమంతా దిగిపోయింది. శిలువ గుర్తు వేసుకుని, గోడ పట్టుకుని, పీట మీద కూర్చుంది. కాసేపటికి నా గదుమ పట్టుకుని తల పైకెత్తింది.

"మీ అమ్మకు చెప్పినవా?"

"లే."

"చెప్పకు. గిది నేను చూసుకుంట. నువ్వు పోయి లారీ ఎక్కు."

"బాపు?"

"నేను చూసుకుంట అన్ననా లేదా? పో."

లారీలో నిలబడటానికే చోటుంది. అందరి ముక్కులకూ గుడ్డలు. ఒకామె కోడిపుంజును రొమ్ముకు అదుముకుని ఉంది. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు తిమ్మిరెక్కాయి. లారీ కదలగానే ఆమె నోటివెంట మెల్లగా వచ్చింది: శాన్ నికొలాస్. నేనూ అందుకున్నాను. బోర్డు కనబడలేదు, బూడిదలో ఏమీ కనబడలేదు. ఒక ఊరి గంట వెనకబడి ఇంకో ఊరి గంట వినిపిస్తే ఊరు మారిందని తెలిసేది. నెయల్తికాన్ అన్నాం. ఇంకొకసారి నెయల్తికాన్ అన్నాం. చొలూలా ఎంతకీ రాలేదు.

చొలూలాలో ఒక బడి హాల్లో చాపలు వేశారు. పప్పుచారు లాంటిదేదో పోశారు, తినలేదు. లారీలు వస్తూనే ఉన్నాయి, ప్రతి లారీ దగ్గరకూ అమ్మ పరుగెత్తడం, ఒక్కతే తిరిగి రావడం. నేను తలుపు వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నాను. గొర్రెపిల్ల ఒక్కతే దిగొచ్చింది. ఆ మాట తప్ప తలలో ఇంకేమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం తలుపులో ఒక ముసలాయన నిలబడ్డాడు. జుట్టు తెలుపు, కనుబొమ్మలు తెలుపు, బట్టలు తెలుపు. నా కోసమే కొండ దిగి వచ్చాడనుకున్నాను. హాలంతా అదిరేలా అరిచాను. ఆయన దగ్గరికి వచ్చి, "ఏందే, నీ బాపును గుర్తువట్టవా?" అన్నాడు. నెత్తి దులుపుకుంటే నల్లజుట్టు బయటపడింది. ఆయన బండి కొండకు అటువైపు దారిన దిగి, ఊళ్లన్నీ చుట్టి వచ్చిందట. అమ్మ ఏడవలేదు. కుక్కర్ తీసి అన్నం వండటానికి నీళ్లడిగింది. అప్పుడు అర్థమైంది అది ఎందుకు తెచ్చిందో.

ఇక్కడిదాకా మా అమ్మాయికి చెప్పాను. సైరన్ ఎప్పుడో ఆగిపోయింది. అంతా బాగానే ఉందని ఫోన్‌కు ఇంకో మెసేజ్ కూడా వచ్చింది.

"ఉంట్ దాన్? తర్వాత నిన్ను తిట్టినరా?" అంది.

"లేదు."

"కొండను నువ్వు చెయ్యలేదు కదా మమ్మీ?"

"లేదమ్మా. కొండలు వాటంతట అవే ఉరుముతాయి. సైరన్ నువ్వు చెయ్యలేదు."

అది పెద్దగా ఊపిరి వదిలింది. ఆకలేస్తోందంది. మాడిన పోపు తీసేసి పప్పన్నం కలిపి పెట్టాను. రెండు ముద్దలు తిన్నాక ఏమీ జరగనట్టు కాళ్లూపుకుంటూ కూర్చుంది. పిల్లల భయం అంత తేలిగ్గా పోతుంది. పోయినందుకు సంతోషించాను.

దానికి చెప్పని మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

పదిహేను రోజులకు ఊరికి తిరిగి వెళ్లాం. కప్పుల మీద, చెట్ల మీద, రోడ్డు మీద అంగుళం మందాన బూడిద. మా వాకిలి మాత్రం శుభ్రంగా ఊడ్చి ఉంది. దోన్యా చీపురు పట్టుకుని, ముక్కుకు గుడ్డ కూడా లేకుండా, చెట్టు మొదలు ఊడుస్తోంది. మమ్మల్ని చూసి నవ్వబోయింది, దగ్గు వచ్చింది. చీపురు మీద వంగి చాలాసేపు దగ్గింది. కోళ్లలో రెండు చచ్చిపోయాయని చెప్పింది.

అమ్మ ఇల్లు తెరుస్తుండగా దోన్యా నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది.

"ఇచ్చేసిన" అంది. "మీరు పోయిన తెల్లారి నేను మా తమ్ముడు పైకి వోయినం. రెండు అచ్చులు కొత్తయి వెట్టొచ్చిన."

"ఆ బూడిదలనా?"

"మరి ఎప్పుడిస్తరు? అడిగినప్పుడే ఇయ్యాలె." మళ్లీ దగ్గింది. నీళ్లు తాగి, నా గదుమ పట్టుకుంది, ఆ రోజులాగే. "నీ పేరు చెప్పలే. మా ఇంటి పిల్ల తిన్నది, చిన్నది, తెల్వదు అన్న. ఆయన ఏమనలే."

బాపు బతికున్నాడు, నా తప్పు తీరిపోయింది, అంతే నాకు కావాలి. అమ్మ మక్కగారెలు చేస్తే ఇచ్చి రమ్మన్న ప్రతిసారీ గిన్నె గడపలో పెట్టి పరుగెత్తుకొచ్చేదాన్ని. ఆ దగ్గు వినాలంటే భయమేసేది. వానలు కురిసి మక్కలు కంకి పట్టాయి. బాపు పని అయిపోయింది. మేం ఊరు విడిచిన రోజు ఆమె వాకిట్లోకి రాలేదు, లోపల్నుంచే చెయ్యి ఊపింది. మరుసటి చలికాలం బాపుతో పనిచేసినాయన ఉత్తరం రాశాడు, మీ దోన్యా పోయిందని. ముసలామె, జీవితమంతా కట్టెల పొగలో ఉంది, ఛాతీ పాడైంది అని రాశాడు. బాపు చదివి వినిపించి, మంచి మనిషి అన్నాడు. అమ్మ ఏడ్చింది. నేను పుస్తకం ముందు పెట్టుకుని చదువుతున్నట్టు నటించాను.

కట్టెల పొగేనేమో. ముసలితనమేనేమో. ఇన్నేళ్లుగా నాకు నేను ఆ మాటే చెప్పుకుంటున్నాను. కొండ ఉరిమింది నా వల్ల కాదని పదిహేనో ఏట సైన్సు పుస్తకం చదివి తెలుసుకున్నాను. కానీ ఊపిరాడని ఆ బూడిదలో ఒక ముసలామె రెండు బెల్లం అచ్చులు శాలువలో కట్టుకుని కొండెక్కింది ఎవరి వల్లనో ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. అప్పుడప్పుడూ కంప్యూటర్‌లో మ్యాప్ తెరిచి ఆ ఊరు చూస్తాను. పైనుంచి చూస్తే రేకుల కప్పులు, సిమెంటు వాకిళ్లు. వాల్‌నట్ చెట్టు ఉన్న చోటు కనిపెట్టలేకపోయాను. బాపు పనిచేసిన మక్కల పరిశోధన కేంద్రం కూడా ఇప్పుడు లేదని విన్నాను. కొండ మాత్రం ఉంది. చూడగానే ఇప్పటికీ మ్యాప్ మూసేస్తాను.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. గోదావరి మనిషి, గొంతు పెద్దది, మనసు మెత్తన. బూట్లు విప్పకుండానే గదిలోకి పోయి ఫోన్ పట్టుకుని బయటికొచ్చాడు.

"ఇదేంటిది, స్క్రీన్ లాకైపోయింది! ఎవరు ముట్టుకున్నారు నా ఫోను?"

బల్ల దగ్గర అన్నం తింటున్న మా అమ్మాయి చెంచా పళ్లెంలో పెట్టేసింది. కాళ్లూపడం ఆపి నా ముఖం వైపు చూసింది.

"మన ఇంటి పిల్ల ముట్టింది" అన్నాను. "చిన్నది, తెలియదు."